టేపుగాడి రిపేరు

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ముందుగా తిట్టేది పాత ఓనర్నే. షెడ్డులో కారు కింద వెల్లకిలా పడుకున్న అక్క కూడా పొద్దుట్నుంచీ ఆ పనిలోనే ఉంది. బండ్లు బాగుచేస్తుంది కాబట్టి ఆవిడ అందరికీ మెకానిక్ అక్క. కూతురు రేపు కొత్త ఉద్యోగంలో చేరాలి. దానికోసమే, కదలని ఈ తెల్లకారుని తాడు కట్టి లాక్కొచ్చుకుంది.

"ఎవడే వీడు? సైలెన్సర్‌ని ఇనప తీగతో కట్టాడు. డోర్లో అట్టముక్కలు కుక్కాడు. వీడి చేతులు పడిపోను!"

"పోనీలే అమ్మా, చేతకాక చేసుంటాడు పాపం," అని టార్చి పట్టుకున్న కూతురు నవ్వింది.

బయట ముసురు పట్టింది. పాత ఆయిలూ తడిసిన సీట్లూ కలిసి ముక్కిపోయిన వాసన. అక్క చెయ్యి బ్రేకు పైపు దగ్గర ఆగింది. పైపుకి నల్లటేపు చుట్టి ఉంది. చివర పంటితో తెంపారు. మధ్యలో చిన్న గాటు... విరిగిన ముందుపన్ను వదిలే గాటు.

తిట్లు ఆగిపోయాయి. గోటితో రంగు గీకి చూసింది. తెలుపు కింద ఆకుపచ్చ.

టేపుగాడు. ఆవిడ తమ్ముడు. తల్లి పోయాక ఆవిడే సాకింది. చిన్నప్పుడు ఆవిడ జడ గుప్పిట్లో పట్టుకుంటేగానీ వాడికి నిద్రొచ్చేది కాదు. పెద్దయ్యాక ఆ షెడ్డులోనే పని నేర్చాడు. నేర్చాడంటే... కనబడిన ప్రతిదానికీ టేపు చుట్టేవాడు. నట్టు బిగించాక రెంచితో మూడుసార్లు కొట్టడం ఆ షెడ్డు పద్ధతి. అది వినబడితే పైనున్నవాళ్లు హ్యాండ్ బ్రేకు దించి స్టార్ట్ చెయ్యాలి. వీడు బిగించకుండానే కొట్టేసి పళ్లికిలించేవాడు. ఒకసారి ఆవిడ ఇంకా కారు కిందుండగానే, తమాషాకి మూడు దెబ్బలు కొట్టాడు. చక్రం ఆవిడ జడమీదికెక్కి ఆగింది. ఆ రోజే "నా గడప తొక్కకు" అని వాణ్ణి తరిమేసింది.

వాడు పోయి డొక్కు ఆకుపచ్చ కారొకటి కొనుక్కున్నాడు. నెల తిరక్కుండా దారిలోంచి ఫోన్ చేశాడు.

"అక్కా, బ్రేకు దిగిపోతోంది. వస్తావా?"

"పెద్ద మెకానిక్కువిగా, నువ్వే చూసుకో," అని పెట్టేసింది.

వాడే చూసుకున్నాడు. టేపు చుట్టి బయల్దేరాడు. దిగుడు రోడ్డులో మలుపు దాటలేదు. ఆ కారు మొహం చూడ్డానికి ఆవిడకి మనసొప్పలేదు. ఎవరో తుక్కు కింద పట్టుకుపోయారు.

మూడేళ్ల తర్వాత అదే కారు. అక్క ఆ పైపు పట్టుకుని అలాగే పడుకుని ఏడ్చింది. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. "వస్తే నా సొమ్మేం పోయేదిరా? పావుగంట దారి..."

కూతురికి ఏం చెప్పలేదు. ఇంజను బాగుచేసింది. టేపు విప్పేసింది. కొత్త పైపు వేసి, నట్టు గట్టిగా బిగించి, రెండుసార్లు సరిచూసుకుంది. సాయంత్రం కూతురు ఒక్క రౌండు వేసొస్తానని వెళ్లింది.

పావుగంటకి ఫోన్.

"అమ్మా, బ్రేకు దిగిపోతోంది. వస్తావా?"

"కదలకు! వస్తున్నా, ఇదిగో వచ్చేస్తున్నా!" ఎక్కడుందో కనుక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా అక్క స్కూటర్ తీసింది.

అదే దిగుడు రోడ్డు. మలుపుకి కాస్త ఎగువన, హ్యాండ్ బ్రేకు మీద నిలబడి ఉంది కారు. లోపల కూతురు క్షేమం. అక్క దాని మొహం రెండు చేతులతో తడుముకుంది.

"ఇప్పుడొచ్చావా? ఇందాకే వచ్చావనుకున్నానమ్మా. కింద ఏదో చప్పుడైతే..." కూతురు గొంతు తగ్గించింది. "ఎవరో అడిగారు. అక్క వస్తోందా, అని."

అక్క స్కూటర్లోంచి టార్చీ రెంచీ తీసుకుని తడిరోడ్డు మీద పడుకుని కారు కిందికి దూరింది. చక్రానికి రాయి అడ్డం పెట్టాలన్న సంగతే తోచలేదు. జడమీద చక్రమెక్కిన రోజునుంచీ ఎప్పుడూ మర్చిపోని మనిషి.

నట్టు వదులైపోయి ఉంది. కొత్త పైపు మీద నల్లటేపు. చివర గాటు. ముట్టుకుంటే వేలికి తడి తగిలింది... గోరువెచ్చగా.

"వచ్చానురా నాన్నా," అని గుసగుసగా అంది. "ఈసారి వచ్చాను."

చినుకులు. ఇంజను చల్లారుతున్న చప్పుడు. నట్టు బిగించింది.

"అయిందా అమ్మా?"

అక్క రెంచి ఎత్తింది. ఇంకా కొట్టలేదు.

టక్. టక్. టక్.

"సరే, స్టార్ట్ చేస్తున్నా!"

ఆగమని అరవబోయింది. తల వెనకనుంచి ఎవరో ఆవిడ జడని మెల్లగా గుప్పిట్లోకి తీసుకున్నారు... నిద్రొచ్చిన పసివాడిలా.

పైన హ్యాండ్ బ్రేకు కిర్రుమని దిగింది.