ఆకాశానికి తెరిచిన వాల్వ్

"ఈసారి నువ్వు చంపాల్సినవాడెవడూ లేడు," అన్నాడు పెద్దాయన. "ఒక వాల్వ్ తెరుచుకోకుండా చూడాలి. అంతే."

ముంగిసకు ఆ 'అంతే' నచ్చలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన నోట ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు తిరిగి రాలేదు.

ముంగిస అన్నది శాఖ పెట్టిన పేరు. పెద్దాయన ఆ శాఖకు అధిపతి. వాళ్ళు కూర్చున్న కిటికీలు లేని గదికి బయట లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీ బోర్డు వేలాడుతూ ఉంటుంది. నిజంగానే లిఫ్టు చెడిపోయి ఫోన్ చేసేవాళ్ళను తిప్పి పంపితే అనుమానం వస్తుంది కనుక వెళ్ళి బాగుచేసి రావలసి వచ్చేది. ఆ కారణంగా శాఖలోని గూఢచారుల్లో సగం మందికి లిఫ్టుల పని చక్కగా పట్టుబడింది.

పెద్దాయన స్క్రీన్ మీద ఒక బొమ్మ వేశాడు. నేల అడుగున పొరలు పొరలుగా రాయి. పైన ఒక పంపింగ్ స్టేషన్.

"పాత గ్యాస్ బావి. గ్యాస్ మనవాళ్ళు ఎప్పుడో తోడేశారు. ఖాళీ అయిన రాతిపొరలో హీలియం నింపి దాచారు. దేశం మొత్తానికి ఉన్న నిల్వ ఇదొక్కటే. రాకెట్లకి ఇదే, చిప్పుల ఫ్యాక్టరీలకి ఇదే, హాస్పిటళ్ళలో ఎమ్మారై స్కానర్లకి ఇదే."

"దొంగిలిస్తారా?"

"దొంగిలించాలంటే ట్యాంకర్లు కావాలి, రోడ్డు కావాలి, నోరు మూసుకునే డ్రైవర్లు కావాలి. గాల్లోకి వదిలెయ్యడానికి ఒక చెయ్యి చాలు. 'ఆవలిగట్టు' అనే గూఢచారి ముఠా పని ఇది. వాళ్ళని పోషించే విదేశీ కంపెనీకి సొంత బావి ఉంది. మనది ఖాళీ అయిందనుకో, వాళ్ళు చెప్పిందే ధర."

మనిషి భూమిని తవ్వి తీసిన వస్తువులలో దీని తీరు వేరు. తుప్పుపట్టిన ఇనుము ఈ నేల మీదే ఎక్కడో ఒకచోట ఉంటుంది. మురికికాలువలో పడిన బంగారాన్ని, ఓపిక ఉంటే, వెతికి కడుక్కోవచ్చు. హీలియం మాత్రం గాలిలో కలిసిన తరువాత పైపైకి పోయి, ఎంత ఆలస్యంగానైనా, భూమినే విడిచిపెడుతుంది. రాళ్ళు లోలోపల క్షీణించి మళ్ళీ అంత హీలియాన్ని పుట్టించేదాకా ఆగడానికి మనిషి జాతి ఆయుష్షు చాలదు.

గ్యాడ్జెట్ సెక్షన్ తయారుచేసిన సిగరెట్ లైటర్ ఒకటి పెద్దాయన బల్ల మీదికి జరిపాడు. "హీలియం తగిలితే కీచుమంటుంది."

"కీచుమంటే నేనేం చెయ్యాలి?"

"అదింకా వాళ్ళు ఆలోచించలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అక్కడ సీతాకోక కలుస్తుంది. ఆవలిగట్టు మనిషి. మన మనిషి కూడా. ఏ పూట ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి. ఇంకో సంగతి. వాల్వ్ తెరుచుకుంటే మూసేందుకు మాస్టర్ షటాఫ్ ఉంది, కానీ అది ఊళ్ళో కంట్రోల్ రూమ్‌లో ఉంది. ఇదివరకు ఎవడో ఆకతాయి ఫోన్ చేసి దాన్ని మూయిస్తే ఫ్యాక్టరీలు ఆగిపోయాయి, నలుగురి ఉద్యోగాలు ఊడాయి. అప్పట్నుంచీ గొంతు మెషిన్లో పోల్చుకుంటే తప్ప ముట్టుకోరు. ముందు కోడ్ వర్డ్, తర్వాత రెండు ప్రశ్నలు. మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదటికే. నీ గొంతు రికార్డు చేసి పంపిస్తాం."

ముంగిస తలూపాడు. ఆయన చెప్పకముందే అతనికి హీలియం ధర తెలుసు. అది అతని అక్క తల.

అక్క టైలరు. తల్లి పోయాక తమ్ముణ్ణి కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టుకుని పెంచి పెద్దచేసింది. కిందటేడు ఆమె తలలో గడ్డ తీశారు. అది మళ్ళీ పెరుగుతోందో లేదో స్కాన్ చేస్తే తప్ప చెప్పలేమన్నారు డాక్టర్లు. స్కానర్‌లోని హీలియం ఆవిరైపోయి, ఆ యంత్రం దుప్పటి కప్పుకుని పడుకుంది.

బయలుదేరే ముందు అతను షాపుకు వెళ్ళాడు. మెడలో టేపుతో అక్క ఒక కాలర్‌ను విప్పి మళ్ళీ కుడుతోంది. కుట్టు వంకరపోయింది. వేళ్ళు ఆమె మాట వినడం మానేశాయి.

"ఎక్కడికిరా ఈసారి?"

"తూకాలు చెక్ చెయ్యడానికక్కా." అతను తూనికలు కొలతల శాఖలో పనిచేస్తున్నాడని ఆమె నమ్మకం.

"ముందు నీ ఒళ్ళు తూచుకోరా. చొక్కా హ్యాంగర్‌కి వేసినట్టుంది నీకు." ఆమె దారం కొరికింది. "హాస్పిటల్లో అడిగాను. ఈ వారం గ్యాస్ లోడు వస్తుందిట. వస్తే మొదటి నంబరు నాదేట."

"వస్తుందక్కా."

"నువ్వేదో లారీ తోలుకొచ్చేవాడిలా చెబుతావేంట్రా?"

*

ప్రెషర్ గేజ్‌లు సరిచూసే మెకానిక్ వేషంలో, నూనె మరకల నీలం యూనిఫామ్‌తో, మిట్టమధ్యాహ్నం భోజనాల వేళకు ముంగిస స్టేషన్లోకి ప్రవేశించాడు. వాల్వ్ గది చిన్నది. కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు, నడుమ మనిషి నడుమంత లావు గొట్టం. నేల కడిగినప్పుడు తడవకుండా ఇంటర్‌కమ్ పెట్టెను గోడకు బాగా ఎత్తున బిగించారు.

లోపల అప్పటికే ఒక స్త్రీ ఉంది. ముదురు ఎరుపు కోటు, నల్లకళ్ళద్దాలు, మడమల ఎత్తు చెప్పులు. గ్రీజు వాసన మీదుగా ఖరీదైన అత్తరు తేలివస్తోంది. విదేశీ కన్సల్టెంట్‌గా ఆమెకు అన్ని గదుల్లోకీ పాస్ ఉంది.

"ఈ ముల్లు వణుకుతోందండీ," అన్నాడు గేజ్ చూపించి.

"వణకనివ్వండి. పాపం దానికీ చలేస్తుంది," అంది ఆమె. కోడ్ కుదిరింది.

సీతాకోక కళ్ళద్దాలు తీసింది. "వణకడం సరే. ఎక్కడ నిలబడి వణుకుతోందో చూశావా?"

చూశాడు. పెద్దాయన చెప్పిన నిల్వకు ముల్లు నడిమి గీత దాటి ఉండాలి. అది అడుగున ఉంది.

"గేజ్ పాడైపోయింది."

"వేషం వేసినంతలో మెకానిక్‌వి అయిపోవు. గేజ్ బంగారంలా పనిచేస్తోంది. మీవాళ్ళు చెప్పుకునేదాంట్లో నాలుగో వంతు మిగిలింది."

"ఎవడు కొట్టేశాడు?"

"ఎవడూ కొట్టెయ్యలేదు నాయనా. అమ్మారు. చవగ్గా అమ్మారు. చవగ్గా వచ్చింది కాబట్టి కొన్నవాళ్ళు ఒకసారి వాడి గాల్లోకి ఊదేశారు. అందరూ చట్టప్రకారమే చేశారు. అరెస్టు చేద్దామంటే ఒక్కడు దొరకడు."

"మరి మీ బావి?"

"అది ఇంతకంటే ముందు అయిపోతుంది. నేను చదివింది భూగర్భశాస్త్రం. మావాళ్ళకి చెప్పాను, విన్లేదు. మీవాళ్ళు వింటారేమోనని ఇటు తిరిగాను. మీ పెద్దాయన అంతా విని, జీతం పెంచాడు."

ముంగిస నవ్వబోయాడు. వెనకనుంచి ఇనుప తలుపు ధడాలున మూసుకుంది. బయట గడియ పడింది.

"మేడమ్!" తలుపు అవతలినుంచి స్టేషన్ సేఫ్టీ ఆఫీసర్ గొంతు వినిపించింది. అతనూ ఆవలిగట్టు మనిషే. "రెండు చోట్ల జీతం తీసుకుంటున్నారటగా? రెండు చోట్లా ఒకేసారి రిటైరైపోండి."

మరుక్షణం పైకప్పు మీద భూమి గొంతు చించుకున్నట్టు గర్జన మొదలైంది. ఆఫీసర్ బయటి లివర్‌తో గ్యాస్ వదిలే వెంట్ గొట్టాన్ని ఆకాశానికి తెరిచి, లివర్‌ను విరిచేశాడు. గదిలోని గొట్టపు అతుకు దగ్గర బోల్టులు ముందే వదులు చేసిపెట్టాడు. అక్కడినుంచి సన్నగా, చల్లగా, వాసన లేకుండా గ్యాస్ బుసకొడుతోంది. ముంగిస జేబులో లైటర్ కీచుమంది. ఆపడమెలాగో గ్యాడ్జెట్ సెక్షన్ చెప్పలేదు. అతను దాన్ని నేలకేసి కొట్టాడు.

ఇంటర్‌కమ్ బటన్ నొక్కి, "కంట్రోల్! ముంగిస మాట్లాడుతున్నాను! మాస్టర్ షటాఫ్ మూసెయ్యండి!" అని అరిచాడు.

అరిచింది మాత్రం అతను కాదు, అప్పుడే గుడ్డు పగిలి బయటపడ్డ బాతుపిల్ల.

"ఎవర్రా అది?" అన్నాడు కంట్రోల్ రూమ్ ఆపరేటర్. "ఇది ఆటలాడుకునే ఫోన్ కాదు. పెట్టేస్తావా, మీ అమ్మకి చెప్పమంటావా?"

లైను తెగింది.

సీతాకోక అతని కాలర్ పట్టి నేలమీదికి లాగింది. "బుర్ర వాడు. హీలియం పీలిస్తే గొంతు ఇలాగే మారిపోతుంది. అది గాలికంటే తేలిక. కప్పు దగ్గర్నుంచి కిందికి నిండుతోంది. నేల దగ్గర ఇంకా మామూలు గాలే. ఇక్కడ ఊపిరి నింపుకుని లేచి, ఆ ఊపిరితోనే మాట్లాడు. పైన మళ్ళీ పీల్చావో, బాతువే."

"నేను కిందికి వంగితే బటన్ వదిలెయ్యాలి. వదిలితే లైను తెగుతుంది. మళ్ళీ మొదటికొస్తుంది."

ఆమె పెట్టె వైపు చూసింది. తరువాత తన చెప్పుల మడమల వైపు చూసుకుంది. "ఇవి ఎందుకేసుకుంటావని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది," అని లేచి, గోడకు ఆనుకుని, మునివేళ్ళ మీద నిలబడి, బటన్ నొక్కిపట్టింది.

అతను నేలకు ముఖం ఆనించి ఛాతీనిండా గాలి నింపుకున్నాడు. లేచాడు.

"కంట్రోల్. ముంగిస. కోడ్ వర్డ్: ఉప్పు గాలి."

"ఆఁ, ఇప్పుడు మనిషిలా మాట్లాడుతున్నారు. ఇందాకటి పిల్లాడెవడు సార్? ఉండండి, మెషిన్ చూస్తోంది."

అతను కిందికి దిగాడు. ఆమె పైనే ఉంది. ఆ వాయువులో మనిషికి ఉక్కిరిబిక్కిరి అనిపించదు. ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, ఆ ఊపిరిలో ప్రాణమే ఉండదు. అందుకే ఆమె ముఖంలో బాధ లేదు. తాగినవాళ్ళకుండే తేలిక నవ్వు మొలిచింది.

"మొదటి ప్రశ్న సార్. మీ పాత కవర్ ఉద్యోగం?"

పీల్చాడు. లేచాడు. "లిఫ్టుల మెకానిక్."

"రైట్. లైటింకా పచ్చబడలేదు. ఈ మెషిన్ కాస్త నిదానం సార్, కంగారు పడకండి."

ముంగిస కిందినుంచి ఆమె మోకాలు తట్టాడు. "దిగు. ఒక్క ఊపిరి పీల్చుకుని ఎక్కు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇదీ అయిపోతుంది," అంది. అంత అందమైన మనిషి నోటినుంచి ఆ మాట కార్టూన్ బొమ్మ గొంతుతో, కీచుకీచుమంటూ వచ్చింది. "ఎలాగూ అయిపోతుంది. అయినా మూయించు."

"రెండో ప్రశ్న. రికార్డు ప్రకారం మీ దగ్గరి బంధువు?"

నేల దగ్గర కూడా గాలి పలచబడింది. కళ్ళముందు నల్లని పూలు విచ్చుకుంటున్నాయి. దొరికిన కాస్త గాలిని పెదవుల వెనక బిగబట్టి, గోడ పట్టుకుని అతను లేచాడు.

"మా అక్క."

ఆమె వేలు బటన్ మీదనుంచి జారింది. ఎరుపు కోటు గోడ వెంబడి నెమ్మదిగా కిందికి దిగింది. లైను తెగింది. ఆ రెండు మాటలూ అవతలికి చేరాయో లేదో తెలిసే దారి లేదు. చేరకపోతే మళ్ళీ మొదలుపెట్టేందుకు బటన్ పట్టుకునే చెయ్యి లేదు. ముంగిస ఆమె పక్కన పడి, ఆమె ముఖాన్ని తలుపు కింది సందుకు ఆనించాడు.

పైన గర్జన ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో కాపలావాళ్ళు వచ్చి తలుపు గడియ తీశారు. పారిపోతున్న సేఫ్టీ ఆఫీసర్‌ను గేటు దగ్గర పట్టుకున్నారు. ముంగిస లేచి కూర్చున్నాడు. సీతాకోక లేవలేదు.

*

"శభాష్," అన్నాడు పెద్దాయన. "మిగిలిందంతా భద్రం. పైవాళ్ళు చాలా సంతోషించారు. నిల్వ ఎంతుందన్నది టాప్ సీక్రెట్ చేశారు. ఒక కమిటీ సంతకం లేకుండా ఒక్క సిలిండర్ బయటికి పోదు."

"ఆ కమిటీలో ఎవరున్నారు?"

"ఇంకా వెయ్యలేదు."

"హాస్పిటళ్ళకి ఇచ్చేది?"

"ఆపేశారు. హాస్పిటల్‌కి పంపిస్తే ఎంత మిగిలిందో లెక్క బయటికి పొక్కుతుంది కదయ్యా."

"మరి ఎప్పుడు వాడతాం సార్?"

"వాడితే అయిపోదూ?" పెద్దాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"పాత బావి సార్. కిందనుంచి కొంచెం కొంచెం కారిపోతూనే ఉంటుందని ఆవిడ మీకు రాసిచ్చింది."

"రాసిచ్చింది. అదీ టాప్ సీక్రెటే."

ముంగిసకు కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి కావాలి. వెతికాడు. అమ్మినవాడు చట్టం ప్రకారం అమ్మాడు. వాడినవాడు అవసరం కొద్దీ వాడాడు. దాచినవాడు భయం కొద్దీ దాచాడు. తాను ఆజ్ఞ కొద్దీ కాపాడాడు. ఒక్కొక్క మెట్టూ సబబుగానే ఉంది. ఆ మెట్లన్నీ కిందికే దిగుతున్నాయి.

సాయంత్రం షాపులో అక్క కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, ఖాళీగా కూర్చుని ఉంది. ఎడమచెయ్యి ఒళ్ళో వేరే ఎవరిదో అన్నట్టు పడి ఉంది.

"స్కాన్ లేదుటరా," అంది.

"ఏమన్నారు?"

"డాక్టరు పాపం మంచాయన. స్కాన్ లేకుండా తల తెరవలేనన్నాడు. ఇంటికెళ్ళి ఇష్టమైనవి తినమన్నాడు." ఆమె కుడిచేత్తో మిషన్ మీది గుడ్డ సర్దింది. "గ్యాస్ లేక కాదట. ఉందిట. పేపర్లో పడింది చూడు, ఎవరో మహానుభావుడు ప్రాణానికి తెగించి కాపాడాడట. అంత కష్టపడి కాపాడింది కదా అని, ఎవరూ ముట్టుకోకుండా తాళం పెట్టేశారుట."

ముంగిస తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"వాణ్ణేమీ అనకూడదులేరా," అంది అక్క. "మంచివాడే అయ్యుంటాడు. కాకపోతే వాడికి అక్కాచెల్లెళ్ళెవరూ ఉండుండరు."