జనరల్ గారి ఉత్తరానికి సుంకం

మా ఊరు ఆష్‌కూంబ్ నుంచి మంత్రిగారి బంగళాకి వెళ్ళే దారిలో, గుట్ట ఎక్కబోయే చోట, ఒకప్పుడు దారి సుంకం వసూలు చేసిన సుంకపు ఇల్లు ఉంది. తలుపులు ఊడిపోయి, పైకప్పు సగం కూలిపోయిన ఇల్లు. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ ఊరికే నడిచిపోరు.

దాటక తప్పకపోతే ఒక పద్ధతుంది. చేతిలో రొట్టెల బుట్ట ఉన్నా, బొగ్గుల బస్తా ఉన్నా, చంకలో కోడి ఉన్నా — ఆ ఇంటి కిటికీ గట్టు మీద పెట్టాలి. పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా కింద వాగు దాకా వెళ్ళి, చేతులు తడుపుకుని రావాలి. ఈలోగా లోపలాయన చూసుకుంటాడు. ఆయనేమీ ఉంచుకోడు. దాచకుండా చూపించడమే సుంకం.

ఆయనంటే, వెనకటి రోజుల్లో అక్కడ గేటు కాసిన ముసలాయన. ఒకసారి యుద్ధానికి పోయే కుర్రాళ్ళ దండుని జాలిపడి సుంకం లేకుండా వదిలేశాడట. ఒక్కడూ తిరిగి రాలేదు. వాళ్ళ తల్లులు ఆ గేటు దగ్గరే కూర్చుని ఏడుస్తుంటే చూడలేక, ఇంట్లో దూలానికి ఉరేసుకున్నాడు. అప్పట్నుంచీ మా ఊళ్ళో అదే మాట — ఆయనకి చూపించకుండా ఏదైనా దాటిస్తే, మన ఇంట్లోంచి దూరం పోయినవాడు ఇల్లు చేరడు.

నవ్వేవాళ్ళు నవ్వుతారు. పగలైతే నేనూ నవ్వుతాను.

ఇది మా మేనత్త వినిఫ్రెడ్‌కి జరిగింది. జర్మనీతో మొదటి యుద్ధం నడుస్తున్న రోజులు. టపా పంచే మగవాళ్ళంతా ఫ్రాన్స్ పోతే, ఆ సంచి మా అత్త భుజానికెక్కింది. మామయ్య హ్యూబర్ట్ కూడా అక్కడే, ఒక పెద్ద జనరల్ గారి సైన్యంలో బురదలో ఉన్నాడు.

ఆ జనరల్ గారే మన మంత్రిగారికి, సర్ లయొనెల్‌కి, సొంతంగా ఉత్తరాలు రాసేవారు. పైవాళ్ళకి తెలియకుండా రాసేవి. ఫిరంగి గుండ్లు చాలడం లేదు, ప్రధానిగారు మాట వినడం లేదు, మీరే ఏదో ఒకటి చెయ్యండి — ఇలాంటివట. లక్క ముద్ర వేసి వచ్చేవి. చదివి కాల్చెయ్యాలని పైన రాసి ఉండేదట.

ఒకరోజు అలాంటి ఒక ఉత్తరంలోని మాటలే, పొల్లు పోకుండా, లండన్ పత్రికలో అచ్చయ్యాయి.

జనరల్ గారు మండిపడి, కెప్టెన్ హెస్కెత్ అనే ఆయన్ని పంపారు. ఆయన బంగళాలో దిగి, టపా వచ్చిన ప్రతి సాయంత్రం ముద్రలు తన చేత్తో తడిమి చూసేవాడు. ఆయన వచ్చాక వచ్చిన మొదటి ఉత్తరం మీదే ముద్ర వంకరగా ఉంది, ఎవరో తెరిచి మళ్ళీ వేసినట్టు. తర్వాతిదీ అంతే.

స్టేషన్లో సంచి కట్టింది అత్త. బంగళాలో విప్పేదాకా మోసింది అత్త. ఇక వేరే ఎవర్ని అనుమానిస్తారు?

"ఇంకొక్కసారి ఇలా వచ్చిందంటే నిన్ను జైలుకి పంపక తప్పదమ్మా," అన్నాడు కెప్టెన్. మర్యాదగానే అన్నాడు. అదే ఎక్కువ భయం వేసిందంది అత్త.

మంత్రిగారైతే పక్కనే నిలబడి, పాపం పల్లెటూరి మనిషి, ఎవరో డబ్బాశ పెట్టుంటారని జాలిపడ్డారట.

అత్త నోరు విప్పలేదు. ఎలా విప్పుతుంది? సంచి భుజం దించనని పోస్టాఫీసులో ప్రమాణం చేసింది. రోజూ సాయంత్రం దాన్ని దెయ్యం కిటికీలో పెట్టి వాగుకి పోతున్నానని చెబితే — అదొక్కటి చాలు జైలుకి.

ఊళ్ళో కూడా చూపులు మారాయి. పోస్టుమాస్టర్ ట్రిమ్మర్ అయితే, "ఏం వినిఫ్రెడ్, గుట్ట దగ్గర ముసలాయన టీ ఇచ్చి మరీ కూర్చోబెడుతున్నాడా, ఇంతసేపవుతోంది?" అని అందరి ముందూ అనేవాడు. అందరూ నవ్వేవారు. నవ్వుతూనే సంచి వంక చూసేవారు.

ఆమె మాత్రం ఒక సంగతి గమనించింది. ఈమధ్య ఆ కిటికీ దగ్గర ఒక వాసన... కాలిన లక్క వాసన.

దెయ్యానికి లక్కతో ఏం పని?

మూడో ఉత్తరం డిసెంబరులో వచ్చింది. టీ వేళకే కటిక చీకటి. బాంబుల భయంతో ఊళ్ళో ఒక్క దీపం లేదు. అత్త సైకిలు నెట్టుకుంటూ సుంకపు ఇంటి దగ్గరికొచ్చి ఆగింది. సంచి పెడితే జైలు. పెట్టకపోతే హ్యూబర్ట్...

చివరికి సంచిలోంచి ఆ ఉత్తరం ఒక్కటీ తీసి రవికలో దోపుకుంది. మిగిలిన సంచి గట్టు మీద పెట్టింది. వాగు వైపు నడిచినట్టు నడిచి, గోడ మలుపులో నక్కింది.

లోపల ఏదో కదిలింది. సంచి మెల్లగా కిటికీలోకి జరిగింది. కిటికీకి లోపల కట్టిన గోనెగుడ్డ సందులోంచి కొవ్వొత్తి వెలుగు... సన్నగా. కాయితాలు తిరగేస్తున్న చప్పుడు. మళ్ళీ తిరగేస్తున్న చప్పుడు.

తర్వాత ఒక గొంతు. గుసగుసలా.

"ఉత్తరం... ఏది?"

అంతలో వెనకనుంచి ఎవరో భుజం పట్టుకున్నారు. చూస్తే కెప్టెన్ హెస్కెత్. అనుమానంతో స్టేషన్ నుంచీ ఆమె వెనకే వచ్చాడట. ఆ గొంతు ఆయనా విన్నాడు. అత్తని పక్కకి జరిపి, టార్చి వేసుకుని లోపలికి దూకాడు.

లోపల కొవ్వొత్తి. పక్కన వేడి చేసిన చాకు, ఎర్ర లక్క కడ్డీ. మోకాళ్ళ మీద సంచితో... సర్ లయొనెల్.

మంత్రిగారు తొణకలేదు. నేనూ ఈమె మీదే కన్నేసి ఉన్నానన్నారు. కెప్టెన్ చాకు వంక చూశాడు, లక్క వంక చూశాడు. పత్రికకి మాటలు ఎవరిచ్చారో, ముద్రలు ఎవరు వంకర చేసి నేరం ఎవరి మీదికి నెట్టారో ఆయనకి అర్థమైపోయింది. అత్తకీ అర్థమైంది.

"మరి ఉత్తరం ఏదని అడిగారెందుకండీ?" అన్నాడు కెప్టెన్.

"నేనడగలేదు."

"ఇద్దరం విన్నాం."

"నేను... నోరు తెరవలేదు హెస్కెత్."

అబద్ధాలాడటం ఆయనకి కొత్త కాదు. కెప్టెన్ నవ్వాడు. నవ్వుతూనే టార్చి ఆయన ముఖం మీదికి తిప్పాడు. పెదాలు గట్టిగా బిగించుకుని ఉన్నాయి. అప్పుడే, ఆ మూసిన నోట్లోంచి కాదు, పైన దూలం వైపు నుంచి —

"ఉత్తరం... ఏది?"

కెప్టెన్ నవ్వు ఆగిపోయింది.

అత్త రవికలోంచి ఉత్తరం తీసింది. "తాతా, ఇదొక్కటే దాచాను," అని చెప్పి గట్టు మీద పెట్టింది. పెట్టొద్దని కెప్టెన్ అనలేదు. అనకపోగా, తన తోలు సంచి తీశాడు, పిస్తోలు తీశాడు, ఉత్తరం పక్కన పెట్టాడు.

మంత్రిగారు కూడా మొదలుపెట్టారు. గడియారం. చుట్టల డబ్బా. కోటు లోపలి జేబు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"అది...?"

ఈసారి ఆ గొంతు చాలా దగ్గరగా వినిపించిందంది అత్త. ఎవరో ఆయన చెవిలో అడిగినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి — ఆయన చిన్నకొడుకు కూడా ఫ్రాన్స్‌లోనే ఉన్నాడని. "చూపించెయ్యండి దొరగారూ," అంది. తనని జైలుకి పంపబోయిన మనిషని కూడా మర్చిపోయి, బతిమాలింది. "ఆయనేం ఉంచుకోడు. చూసి ఇచ్చేస్తాడు."

మంత్రిగారు ఆమె వంక చూశారు. కెప్టెన్ వంక చూశారు. ఆ జేబులో ఏముందో కెప్టెన్ ముందు బయటపెట్టడం ఆయన వల్ల కాలేదేమో. కోటు గుండీ పెట్టేసుకుని, చీకట్లోకి నడిచి వెళ్ళిపోయారు.

అత్తా కెప్టెనూ వాగు దాకా వెళ్ళి చేతులు తడుపుకుని వచ్చారు. అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఉత్తరం ముద్ర చెక్కుచెదరలేదు. జైలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మంత్రిగారినీ ఎవరూ ఏమీ అనలేదు. పెద్దవాళ్ళ సంగతులు పెద్దవాళ్ళే కప్పుకున్నారు. పైవారం కెప్టెన్ ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. వసంతంలో హ్యూబర్ట్ మామయ్య కుంటుకుంటూ ఇంటికొచ్చాడు.

కానీ అంతకన్నా ముందు, క్రిస్మస్ దాటాక ఒక సాయంత్రం, అత్త ఎప్పట్లాగే సంచి గట్టు మీద పెట్టి వాగుకి వెళ్ళింది. ఆ రోజు మాత్రం స్టేషన్లో సంచి వాళ్ళే కట్టిచ్చారు, అందులో ఏమున్నాయో చెప్పలేదు. ఆమె అడగలేదు.

తిరిగొచ్చేసరికి సంచి మూతి విప్పి ఉంది. యుద్ధశాఖ నుంచి బంగళాకి వెళ్ళాల్సిన తంతి ఒక్కటీ తీసి, అన్నిటికన్నా పైన పెట్టి ఉంది.