‘ఆగు’ అనే మాట నేర్చిన ఈగలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ రేడియో కాస్త తగ్గించండి. మా అలెగ్జాండ్రియాలో జరిగిన సంగతి ఇది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈగల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ విదాద్ ఘత్తాస్‌ను పట్టపగలు, ట్రాం స్టేషన్ పక్క కాఫీ కొట్టులో, టీలో విషం కలిపి చంపారు. వార్త తెలిసిన వెంటనే సర్కారు గూఢచారి శాఖలోని కర్నల్ లమ్లూమ్ తన ఏజెంట్ నగ్వాన్‌కు ఫోన్ చేశాడు. ఈగల మేత వండే మనిషి వేషంలో డాక్టరమ్మ లాబ్‌లో కాపలా ఉన్నది నగ్వానే. బయట కాపలాకు ఇంకొకరిని ఇమ్మని ఆమె ఎన్నిసార్లు అడిగినా కర్నల్ వినలేదు.

“ఈగలకి ఇద్దరు ఏజెంట్లా అని నవ్వారు సార్ మీరు,” అంది నగ్వాన్ పళ్ళు బిగించి.

“తర్వాత తిట్టుకుందువుగాని తల్లీ. ఆమెను చంపిన విదేశీ ముఠా ఇప్పుడు ఈగల కోసం వస్తుంది. వాళ్ళకంటే ముందుగా జీలాన్‌ని పంపిస్తున్నాను. ముఠాలో మనం పెట్టిన మనిషి, ఏళ్ళ తరబడి ఈగల లాబ్‌లో పనిచేసింది. కోడ్ మాట ‘నల్ల జీలకర్ర’. ఈగల్ని ఆమెకి అప్పగించు, భద్రమైన చోటికి చేరుస్తుంది.”

ఏముంది ఆ ఈగల్లో అంటారా? ఈగ ఇంకా పురుగుగా ఉన్నప్పుడే దాని ఒంట్లో రెక్క కాబోయే చిన్న సంచి ఉంటుంది. అందులో కణాలు ఇరుగుపొరుగుల్లా మాట్లాడుకుంటాయి. నువ్వు పెరుగు, నువ్వు ఇక ఆగు అని. ఆ ‘ఆగు’ వినబడకపోతే రెక్క రావలసిన చోట కంతి లేస్తుంది. మన ఒంట్లో కంతులూ చాలావరకు అలాంటివే. చెవుడు పట్టిన కణాలకు ఇంకో దారిలో ఆ మాట వినిపించే ఈగల జాతిని డాక్టరమ్మ సృష్టించింది. లోకం మొత్తానికి అవి ఆ లాబ్‌లోని సీసాల్లోనే ఉన్నాయి. వాటి నుంచి తయారయ్యే కంతుల మందు తామే అమ్ముకోవాలనుకున్న ముఠాకు, తాము పట్టుకుపోయాక ఇక్కడ ఒక్క ఈగ కూడా మిగలకూడదు.

శుక్రవారం నమాజు వేళ, బిల్డింగు ఖాళీగా ఉన్నప్పుడు జీలాన్ వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, గది నిండా అత్తరు.

“నల్ల జీలకర్ర. ఏం వండుతున్నావు హబీబ్తీ, నా బంగారూ, ఆ గంజి మాకూ పెడతావా?”

“ఈగలు తినగా మిగిలితే చూద్దాం,” అంటూ నగ్వాన్ కరెంటు పొయ్యి ఆపి, మొక్కజొన్న గంజి గిన్నె దించింది.

జీలాన్ ఈథర్ చుక్కలతో కొన్ని ఈగల్ని నిద్రపుచ్చి, మేత ఉన్న కొత్త సీసాలో పోసి, బల్ల మీద నిటారుగా నిలబెట్టింది.

నగ్వాన్ చెయ్యి ఆగిపోయింది. మత్తులో ఉన్న ఈగల్ని పోస్తే సీసా పడుకోబెట్టాలి. లేకపోతే తడి మేతలో అంటుకుని చస్తాయి. ఈగలతో ఒక్క వారం పనిచేసినవాళ్ళు కూడా ఈ తప్పు చేయరు.

“ఏ లాబ్‌లో పనిచేశావమ్మా నువ్వు?” అంది నెమ్మదిగా. “నువ్వు దొంగిలించేవి దారిలోనే చస్తాయి.”

జీలాన్ నవ్వు చెరిగింది. ఇట్టే అంటుకునే ఆ ఈథర్‌ను మిగతా ఈగల సీసాల మీద ఒంపి లైటరు తీసింది.

“పక్కకి జరుగు. మీ ముసలిది టీలో చక్కెర ఎక్కువ వేసుకుంటుంది. చేదు తెలియనే లేదు పాపం.”

జీలాన్ బొటనవేలు లైటరు చక్రం మీద ఉండగానే నగ్వాన్ ఉడుకు గంజి గిన్నె ఎత్తి ఆ చేతి మీద కుమ్మరించింది. కెవ్వుమని లైటరు వదిలేసిన జీలాన్‌ను బల్లకేసి అదిమి, ఆ పట్టు స్కార్ఫుతోనే కట్టేసింది. కిటికీలు తెరిచింది. ఈథర్‌తో తడిసిన సీసాలు తుడిచింది. అప్పుడు నిటారు సీసాను పక్కకు వాల్చి, ఊపిరి బిగపట్టి చూసింది. చాలాసేపటికి ఒక ఈగ కాలు కదిలించింది. తర్వాత ఇంకొకటి.

కర్నల్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు.

“శభాష్ విదాద్ గారికి చెప్పాల్సింది సార్, బతికుండగా,” అని ఫోన్ పెట్టేసింది నగ్వాన్.

పది రోజులకు చక్కని రెక్కలతో కొత్త ఈగలు పుట్టాయి. ఆ నెలలో సర్కారు పనిలో చెప్పిన టైముకి హాజరైనవి అవి మాత్రమే.

రేపు ఎవరైనా ‘ఈగే కదా’ అని నవ్వితే ఈ సంగతి చెప్పండి. నగ్వాన్ పేరు మరిచినా ఫరవాలేదు. విదాద్ ఘత్తాస్ పేరు మాత్రం వదలకండి.