రెండో బండి గొంతు

“మా తమ్ముడే దొంగ. రుజువు మాత్రం మీరు చూపించండి,” అంది ఆంబులెన్సుల యజమానురాలు, డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూర్చోకుండానే.

ఆమెకు మూడు బండ్లు. ఈ నెలలో నాలుగుసార్లు, వైర్‌లెస్‌లో చెప్పిన చిరునామాకు అవతలి కంపెనీ బండి ముందే చేరి రోగిని ఎక్కించుకుపోయింది. నాలుగుసార్లూ వెళ్ళవలసింది తమ్ముడు నడిపే రెండో బండి. బయటివాళ్ళకు మాటలు గరగరలాగే వినబడేలా సెట్లన్నిటికీ ఆరు నెలల కిందటే తన మెకానిక్కు చేత కోడ్ పెట్టించింది.

“సాయంత్రం వాణ్ణి గెంటేస్తాను. తోడబుట్టినవాడే తోడేలు.”

డిటెక్టివ్ తన అసిస్టెంటును వెంటబెట్టుకుని ఆమె ఆఫీసుకు వెళ్ళి, గంటసేపు సెట్టు దగ్గర కూర్చున్నాడు. చిరునామా చెప్పగానే డ్రైవరు దాన్ని తిరిగి అప్పజెప్పాలి. తప్పు దొర్లకుండా ఆమె పెట్టిన నియమం. మొదటి బండి, మూడో బండి మాట్లాడే ముందు సెట్టు కీచుమంది. రెండో బండికి కీచుమనలేదు.

తర్వాత బండ్లలోని సెట్లు చూశాడు. మొదటి బండిలో, మూడో బండిలో సెట్టు వెనక సీలు కాగితం దుమ్ముపట్టి మాసిపోయింది. రెండో బండిలో తెల్లగా ఉంది.

“రెండో సెట్టు ఎప్పుడైనా విప్పావా?” అని మెకానిక్కును అడిగాడు.

“బిగించాక చెయ్యి పెడితే ఒట్టండి. ఆ సీళ్ళు నా దగ్గర తప్ప ఎక్కడా ఉండవు.”

“మంచిది.”

సాయంత్రం తమ్ముడూ మెకానిక్కూ ఆఫీసుకు వచ్చారు. అక్క అప్పటికే తమ్ముడి దగ్గర బండి తాళంచెవి లాక్కుంది.

“కోడ్‌లో మాట వస్తే సెట్టు ముందు కీచుమంటుంది,” అన్నాడు డిటెక్టివ్. “రెండో బండికి ఆ కూత లేదు. అది పంపే మాటలకు కోడ్ తీసేశారు. ఇక్కణ్ణుంచి మీరు చెప్పేది భద్రంగానే పోతోంది. అతను అప్పజెప్పేది మాత్రం అవతలివాళ్ళు హాయిగా వింటున్నారు. మీ నియమమేనమ్మా తలుపు తీసిపెట్టింది.”

“వీడే తీసుంటాడు!” అన్నాడు మెకానిక్కు.

“సీలు చింపందే కోడ్ తీయలేరు. చింపితే కొత్తది అంటించాలి. అవి ఎవరి దగ్గర ఉంటాయో నువ్వే చెప్పావు.”

అసిస్టెంటు మురిసిపోయాడు. మెకానిక్కు తల దించుకున్నాడు.

“వాళ్ళు పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారండీ.”

“మూడు బండ్లుండగా రెండోదే ఎందుకురా?” అని అరిచింది ఆమె.

“సంగతి బయటపడితే మీరు ముందు తమ్ముణ్ణే అంటారని ఇక్కడ అందరికీ తెలుసు కదండీ.”

ఆమె తాళంచెవి తమ్ముడి ముందుకు తోసింది. “అయిందేదో అయింది. రేపు డ్యూటీకి రా.”

అతను దాన్ని ముట్టుకోలేదు. “వాడు కోడ్ తీశాడక్కా, అంతే. నన్ను దొంగనన్నది నువ్వు.”

తలుపు వేయకుండానే వెళ్ళిపోయాడు.

బల్లమీది సెట్టు కీచుమంది. “రెండో బండి ఎక్కడుంది?” అని మూడో బండి అడిగింది. ఆమె మైకు అందుకుని, తెరిచున్న తలుపు వైపు చూసింది.