ఇంటి పెద్ద కాలం చేసినందున

చిన్న కథే. మీ చేతిలో కాఫీ చల్లారేలోపు చెప్పేస్తాను. కాకపోతే ముందు మా వీధి సంగతి కాస్త తెలియాలి. మూల మీద దర్జీ ఉన్నాడు. ఆయన కుట్టిన చొక్కా తొడుక్కుంటే ఒక చెయ్యి ఎప్పుడూ ఎవరినో పిలుస్తున్నట్టు పైకి లేచి ఉంటుంది. ఆయన పక్కన మందుల షాపు ఆవిడ. మనకు మందు అందేలోపు మన రోగం పేరు వీధి చివరిదాకా అందిస్తుంది. ఆ తర్వాత నా కళ్ళద్దాల కొట్టు. నా గురించి చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

నా కొట్టును ఆనుకునే వకీళ్ళ ఆఫీసు. తండ్రి, కొడుకు, కూతురు. నా కొట్టు గది కూడా వాళ్ళదే. దుకాణాల ఒప్పందాలు, ఇళ్ళ తగాదాలు, విడాకులు, అన్నీ వాళ్ళ చేతుల మీదుగానే జరగాలి. మా వీధిలో ఒకే ఇంట్లో పుట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్ళంతా వాళ్ళ కక్షిదారులే.

తండ్రిని ఎదురుగా పెద్ద వకీలు గారు అనేవాళ్ళం, వెనకాల అభ్యంతరం గారు అనేవాళ్ళం. దానికో కారణం ఉంది. ఆయన పెట్టిన నియమం ప్రకారం ఆ ఆఫీసులో ఏ కాగితమైనా సంతకానికి ముందు పైకి చదవాలి. కొడుకు ముందు గదిలో కక్షిదారుల ఎదుట చదివేవాడు. కూతురు వెనక గదిలో తలుపు వేసుకుని, తనే ఎదుటి పక్షం వకీలైనట్టు వినేది. లొసుగు తగిలిందంటే లోపలి నుంచి "అభ్యంతరం" అనేది. ముందు గదిలోవాళ్ళు "ఏమిటి?" అని అడిగి ఆ మాట మార్చేవాళ్ళు. "అభ్యంతరం లేదు" అని వినబడ్డాకే సంతకాలు. పద్ధతి మంచిదే. కాకపోతే ఆ పిల్ల లా డిగ్రీ చదివి వచ్చిన నాటి నుంచి తలుపు వెనకే ఉండిపోయింది. కక్షిదారుల్లో చాలామందికి ఆమె గొంతు తెలుసు, ముఖం తెలియదు.

పెద్ద వకీలు పోయారు. వీధంతా వెళ్ళాం. దర్జీ కుట్టిన సూటులోనే పూడ్చారు కాబట్టి అక్కడా ఒక చెయ్యి పైకెత్తే పడుకున్నారు.

నెల తిరక్కుండానే అన్నాచెల్లెళ్ళు విడిపోవడానికి సిద్ధపడ్డారు. చెల్లెలికి కావలసింది ఒక్కటే. మధ్యలో గోడ కట్టి, వెనక గదికి వీధివైపు తలుపు పెట్టించుకుని, పైన తన పేరుతో బోర్డు. అన్న ససేమిరా అని, చివరికి ఒప్పుకున్నాడు. సాక్షి సంతకానికి నన్ను పిలిచారు. కళ్ళద్దాలు అమ్మేవాడు చూసింది చూసినట్టు చెబుతాడని వాళ్ళ నమ్మకం.

మధ్యాహ్నమే, కానీ వాన ముసురుకుని గది మసగ్గా ఉంది. కరెంటు లేదు. తడి గొడుగుల వాసన, పాత ఫైళ్ళ వాసన. గోడ మీద నీళ్ళు జారుతున్న చప్పుడు. వెనక గది తలుపు వేసి ఉంది.

"కూర్చో బాబాయ్," అంది చెల్లెలు. "అన్నయ్య నిన్న ఒప్పుకున్నది ఇవాళ మర్చిపోతాడు. నువ్వు గుర్తుపెట్టుకో."

"దానికి తప్పులు పట్టడం తప్ప ఇంకేం రాదు బాబాయ్," అన్నాడు అన్న. "నాన్న తర్వాత ఈ ఇంటికి పెద్దని నేను. నా దయవల్ల గది దొరుకుతోంది, అది మాత్రం ఒప్పుకోదు."

"చదువు. లోపల ఎవరూ లేరు. ఇవాళైనా నత్తి లేకుండా చదువు."

అన్న కాగితం కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. "మా తండ్రిగారు, ఇంటి పెద్ద, కాలం చేసినందున..."

"అభ్యంతరం."

వెనక గదిలోంచి. నెమ్మదిగా, పొడిగా.

చెల్లెలు నా పక్కనే ఉంది. ఆమె పెదవి కదల్లేదు.

వేరే ఇంట్లో అయితే ఈపాటికి అందరూ వీధిలో ఉండేవాళ్ళు. కానీ ఆ ఆఫీసులో ఆ మాటకు ఒకటే జవాబు. అన్న కాగితం మీంచి తలెత్తకుండా, అలవాటు కొద్దీ అడిగేశాడు.

"ఏమిటి?"

అడిగాక తెలిసింది అతనికి. చెల్లెలి వైపు తిరిగి చూశాడు.

వాన చప్పుడు ఆగిపోయింది. బయట వాన పడుతూనే ఉంది... చప్పుడు మాత్రం లేదు. తడి మట్టి వాసన తలుపు కింది నుంచి పాకి వచ్చింది. దాని వెనకే పెద్ద వకీలు మోకాళ్ళకు రాసుకునే తైలం వాసన.

"మా తండ్రిగారు... అన్న మాట," అంది గొంతు.

నేను లేవబోయాను.

"ఆపెయ్ బాబూ," అన్నాను గొణుగుతూ.

"ఆపితే దీని గోడ లేదు," అన్నాడు అన్న. భయంలోనూ దెప్పడం మానలేదు.

చెల్లెలు తలుపు వైపు చూసింది. తర్వాత కాగితం వైపు చూసింది. "ఆ మాట కొట్టెయ్," అంది.

"కొట్టేస్తే పోయిందెవరు? ఎవరో ఒకరు పోకపోతే వాటా ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"ఇంటి పెద్ద అని ఉందిగా. అది ఉంచు."

కలం గీరిన చప్పుడు. అన్న మళ్ళీ చదివాడు, గుసగుసగా. "ఇంటి పెద్ద కాలం చేసినందున..."

లోపల కుర్చీ జరిగింది. తలుపు దగ్గరికి ఎవరో వచ్చి నిలబడ్డారు. అవతల... ఊపిరి లేదు. బరువు మాత్రం ఉంది. తలుపు చెక్క మా వైపు కొంచెం ఉబ్బింది.

"ఇంటి పెద్ద ఎవరు?"

అన్న నోరు తెరిచాడు.

"అన్నయ్యే కదా," అంది చెల్లెలు. చాలా మెల్లగా.

తలుపు చెక్క మళ్ళీ వెనక్కి సర్దుకుంది.

"అభ్యంతరం లేదు."

వాన చప్పుడు ఒక్కసారిగా మీద పడింది. లైట్లు వెలిగాయి. సంతకాలు చేశారు. అన్న నాకు కలం అందించాడు. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. గోళ్ళ నిండా మట్టి. అతను కూడా దాన్ని చూసుకుని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. నేను సంతకం చేసి, గొడుగు అక్కడే వదిలేసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున కొట్టు తెరుస్తుంటే ఆఫీసులో పెద్ద వకీలు తన కుర్చీలో కూర్చుని కనిపించారు. సూటులో. ఒక చెయ్యి కొంచెం పైకి.

"చెట్టంత కొడుకు పోయినా ఆఫీసు మూయలేదు, ఎంత గుండె ధైర్యమో," అంది మందుల షాపు ఆవిడ.

"పోయింది కొడుకా?" అన్నాను.

"మీ కళ్ళజోడు మీరే మార్చుకోండి ముందు," అన్నాడు దర్జీ. "సూటు కుట్టింది నేను. కొడుకు కొలతలే. మీరూ వచ్చారు కదండీ, మట్టి వేశారు."

గోడ కట్టలేదు. బతికున్న తండ్రి ఆస్తిలో వాటా అడగటానికి లేదు. పోయినవాడి సంతకం ఎక్కడా చెల్లదు. చెల్లెలు మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళిపోయింది. ఒక రోజు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు సాక్షివి బాబాయ్. నేను కావాలని అనలేదని చెప్పు." ఎవరికి చెప్పాలో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. ఆ తర్వాత ఆమెను బయట చూసినవాళ్ళు లేరు. గొంతు మాత్రం వినబడుతుంది.

మొన్న నా కొట్టు అద్దె ఒప్పందం తిరగరాయడానికి పెద్ద వకీలు పిలిచారు. తనే చదువుతున్నారు. మధ్యలో ఆగి, కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఏమయ్యా, మీ ఇంటికి పెద్ద ఎవరు?"

మా తమ్ముడి పేరు చెప్పాను.

తమ్ముడు నాకంటే చిన్నవాడని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. లోపలి నుంచి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.