కరెంటు వచ్చేలోపు

“కోరుట్లలో మన మనిషిని చంపేశారు. చివరగా పంపింది ఒకే మాట, సిరిసిల్ల,” అన్నాడు చీఫ్ ఫోన్లో. “ఉద్యమంలో నెత్తురు పారించాలని ఓ విదేశీ ముఠా ప్లాన్. మగ్గాల మోటార్ మెకానిక్‌గా వెళ్లు. స్వర్ణలత కలుస్తుంది. డబుల్ ఏజెంట్, జాగ్రత్త.”

సకల జనుల సమ్మె రోజులవి. బొగ్గు లేక ఊళ్లకు ఊళ్లే కరెంటు కోతలో ఉన్నాయి. ఆ దగ్గర్లోని కొడిమ్యాలలో పుట్టి, అక్కడి యాసే మాట్లాడే ఏజెంట్ యోహానుకు ఆ వేషం ఇట్టే కుదిరింది. మల్టీమీటరు, కటింగ్ ప్లయరు ఉన్న సంచితో, స్వర్ణలత వెంట ఓ మరమగ్గాల షెడ్డులోకి అడుగుపెట్టాడు. వెనక ఇనుప తలుపు మూసుకుంది. బయట తాళం పడింది.

స్వర్ణలత పరుగెత్తి తలుపు బాదింది. అవతల ఎవరో ఇంగ్లీషులో థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. ముఠావాళ్లు యోహానును మాత్రమే బంధిస్తామన్నారని ఆమె అప్పుడు ఒప్పుకుంది.

గోడకు స్టీలు పెట్టె, అందులోకి మూడు నల్ల తీగలు. ఈ రకం బాంబు యోహానుకు తెలుసు. తీగల్లో ఒకటి కరెంటు లైను. కరెంటు రాగానే బాంబు పేలుతుంది. మిగతా రెంటిలో ఏది తెంచినా వెంటనే పేలుతుంది. గోడ అవతల రోడ్డు మీద సమ్మె జనం వంటావార్పు. వీళ్ల అరుపులు డప్పుల మోతలో కలిసిపోయాయి. షెడ్డులో ఫోన్లకు సిగ్నల్ లేదు.

“నడిమి తీగ కట్ చెయ్. గదే కరెంటుది. ఎప్పుడన్నా ఆపాల్సొస్తే పనికొస్తదని వాళ్లే చెప్పిన్రు,” అంది స్వర్ణలత.

“తలుపేసింది గూడ వాళ్లే గదా?”

మగ్గానికీ పెట్టెకూ ఒకటే కరెంటు లైను గనక, మగ్గం స్విచ్ వేసి, అక్కడ మీటరు నల్ల వైరు ఆనించాడు. ఎర్ర వైరు మొనతో తీగలను ఒక్కొక్కటే గుచ్చి చూశాడు. లైను తగిలితే బీప్ రావాలి. మూడింటికీ రాలేదు.

అంటే మీటరే చెడిందేమో. స్క్రీన్ వెలుగుతోంది, బ్యాటరీ బాగానే ఉంది. వైర్లు పీకి, మీటరు రెండు రంధ్రాలను రాగి ముక్కతో కలిపాడు. బీప్. మీటరు మంచిదే. నల్ల వైరుతో కలిపాడు. బీప్. ఎర్రదానితో లేదు. దాన్ని పొడవునా వంచుతూ పోతే పిడి దగ్గర ఒక్కసారి కుయ్‌మని ఆగింది. పైన రబ్బరు నున్నగానే ఉంది, లోపల రాగి తెగింది.

అక్కడికి కత్తిరించి, పళ్లతో రబ్బరు ఒలిచి, ఆ రాగి పోగులనే మెలిపెట్టి, తీగలకు ముందు గుచ్చిన బెజ్జాల్లో ఆనించాడు.

నడిమిది పలకలేదు. కుడిది పలకలేదు. ఎడమది బీప్‌మంది.

“నన్ను గూడ సంపుదామనుకున్నరు,” అంది స్వర్ణలత.

యోహాను ఎడమ తీగ తెంచాడు. ప్లయరు దవడలు కలిశాయో లేదో, బల్బు వెలిగింది. స్విచ్ వేసిన మగ్గం దడదడా ఆడింది. పెట్టె మాత్రం పేలలేదు.

ఆ చప్పుడుకు జనం తలుపు పగలగొట్టారు. ముందు, వంట దగ్గర్నుంచి గరిటెతోనే వచ్చిన శంకరవ్వ.

“అందరం సమ్మెల ఉంటే సాంచా నడుపుతున్నవారా?” అంది, ఆడుతున్న మగ్గాన్ని చూపిస్తూ.

నిజం చెప్పే వీల్లేదు. “తప్పయింది అవ్వా,” అన్నాడు యోహాను.

బయటికి రాగానే స్వర్ణలత ముఠా పేర్లన్నీ చీఫ్‌కు ఫోన్లో చెప్పేసింది. వెంటనే బయల్దేరి రమ్మన్నాడాయన.

“కుదరదు సర్,” అన్నాడు యోహాను ఫోన్ అందుకుని. “అవ్వ శిక్షేసింది. ఇంకా సగం బస్తా ఉల్లిగడ్డలు కొయ్యాలె.”