దూది గదిలో చప్పట

శుక్రవారం బడి నుంచి రాగానే నగీనాకు ఒక పని ఉంటుంది. బ్యాగు మూలన పడేసి, చీపురు పట్టుకుని, మేడమీది దూది గది ఊడవాలి.

"ఆదివారం ఊడిస్తే కాదా జేజీ?" అని ఆ రోజూ గొణిగింది.

"ఆదివారం ఊడిస్తే ఈ పొద్దు వచ్చేటోళ్ళు తుమ్ముతా నమాజ్ చేయాల్నా? పో పో!" అంది జేజి.

జేజి అంటే నగీనా నాయనమ్మ, హుస్సేనమ్మ. వాళ్ళది నంద్యాల వైపు. దూదేకులవాళ్ళు. తాత పరుపులు కుట్టుకుంటూ రాయ్‌పూర్ వచ్చి, మోవాలో రోడ్డు పక్కన దుకాణం పెట్టాడు. ఇప్పుడది నాయన చూసుకుంటున్నాడు. కింద దుకాణం, వెనక ఇల్లు, పైన దూది గది.

ఇక నగీనా సంగతి. పదేళ్ళ పిల్ల. నోరు మూసుకుంటే చేతులు ఊరుకోవు, చేతులు కట్టుకుంటే కాళ్ళు ఊరుకోవు. అంత అల్లరి పిల్లకి కూడా దూది గదంటే గుండెలో కొంచెం గుబులే.

గోడల వెంట దూది బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. ఆ గదిలో మాట్లాడితే మాటను దూది మింగేస్తుంది. పక్కనున్న మనిషి పిలిచినా ఎక్కణ్ణుంచి పిలిచారో తెలియదు. గోడకు తాత దూదేకిన పాత విల్లు వేలాడుతుంది. మిషన్ వచ్చాక దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. అయినా కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా దాని నారి తనంతట తనే "వూఁ..." అంటుంది.

"ఎందుకు జేజీ అది అట్ల మూలుగుతుంది?"

"మీ తాత చేతుల్ని తలుచుకుంటాంది," అనేది జేజి. అది విన్నాక నగీనాకు భయం తగ్గేది కాదు, పెరిగేది.

పొద్దు గూకే వేళకు ఆడవాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కారు. దగ్గర్లో మసీదుంది కాని, అందులో ఆడవాళ్ళకు చోటు లేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు, పొయ్యికీ పిల్లలకీ మధ్య, ఒంటరిగా నమాజ్ చేసుకునేవారు. "వారానికి ఒక్కరోజన్నా కలిసి నిలబడదాం రండి" అని పిలిచింది జేజే. అప్పటి నుంచీ శుక్రవారం మగ్రిబ్ నమాజ్ ఈ గదిలోనే. చేయించేది జేజి. అయితే ఆమె అందరికంటే ముందుకెళ్ళి నిలబడదు. వరుస మధ్యలోనే, అటూ ఇటూ భుజాలు తగిలేలా నిలబడుతుంది.

నమాజ్ అయ్యాక చాయ్ తాగుతూ ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటారు. ఒకరి కష్టానికి అందరూ చేతులెత్తి దువా చేస్తారు. ఏడ్చి దిగేవాళ్ళూ ఉంటారు, నవ్వుతూ దిగేవాళ్ళూ ఉంటారు. ఆ గది లేకపోతే తమకు వారమే గడవదని పిన్ని వరసైన కరీమా ఖాలా అంటుంది. కరీమా ఖాలా గొంతు ముందు నాయన దూది మిషన్ కూడా చిన్నబోతుంది.

జేజి వాళ్ళకొక మాట నేర్పింది. "నేను ముసలిదాన్ని. ఎప్పుడన్నా మరిచిపోతా. అప్పుడు నోరు తెరవకండి, నమాజ్ చెడిపోతాది. ఇదో, ఇట్ల కొట్టండి." కుడిచేతి వేళ్ళతో ఎడమచేతి వెనక టప్‌మని కొట్టి చూపించింది. "ఆ చప్పటే నాకు చేతికర్ర."

ఆ చేతికర్ర మీదే నగీనా కన్ను పడింది.

ఆ రోజు మబ్బు కమ్మి, వాన పట్టి, నమాజ్ మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. గది చీకటైపోయింది. తెల్ల దుపట్టాలు మాత్రం దూదితో కలిసిపోయి మసగ్గా కనిపిస్తున్నాయి. జేజి సన్నని గొంతుతో చదువుతోంది. వరుస చివర నిలబడ్డ నగీనా చేతులు జిలపెట్టాయి. ఇప్పుడు కొడితే ఏమవుతుంది?

టప్!

జేజి గొంతు ఆగిపోయింది.

ఎవరూ కదల్లేదు. వాన చప్పుడు కూడా లోపలికి రాలేదు. గోడ మీద విల్లు "వూఁ..." అంది. చాలాసేపటికి జేజి మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. చివర్లో, ఏదో మరిచిపోయినప్పుడు చేసే రెండు సజ్దాలు, నుదురు నేలకు ఆనించి, ఎక్కువ చేసింది.

అంతలో కరెంటు వచ్చింది.

"ఎవరమ్మా కొట్టింది? యాడ తప్పినా?" అని అడిగింది జేజి.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నగీనా తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నేనే అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"నేను కాదు, ఈమె కాదు... ఫిర్ కౌన్ థా? మరెవరు?" అంది కరీమా ఖాలా. "నగీనా, నీ దిక్కు నుంచే వచ్చింది కదా బేటీ?"

"నా... నా వెనక నుంచి వచ్చింది ఖాలా," అంది నగీనా.

నగీనా వెనక ఎవరూ లేరు. బస్తాలే ఉన్నాయి.

"యా అల్లా! జిన్ను!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది కరీమా ఖాలా. కంటికి కనబడని జిన్నులు కూడా నమాజ్‌కి వస్తాయని ఆమె ఎక్కడో విందట. అందరూ గబగబా చెప్పులు వేసుకున్నారు. నగీనాకు ఒకపక్క భయం, ఒకపక్క నవ్వు. నిజం చెప్పాలంటే నవ్వే కొంచెం ఎక్కువ.

వారం తిరిగేసరికి గోరంత కొండంత అయింది. మోవా నుంచి పండరీ బట్టల బజారు దాకా అదే మాట. దూది గదిలో జిన్ను ఉందట, తెల్లగా దూదిలా ఉంటుందట, కాళ్ళే లేవట! నాయన దుకాణానికొచ్చిన ఒకాయన పరుపు కొనబోయి, దూది ఏ గదిలోదని అడిగి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం సగం మందే వచ్చారు. ఆ రోజూ వానే, ఆ రోజూ కరెంటు పోయింది. నగీనా బుద్ధిగా చేతులు ఛాతీ మీద కట్టుకుంది. ఇంక ఎప్పుడూ కొట్టనని ఒట్టు కూడా పెట్టుకుంది. నమాజ్‌లోని మూడు వంతుల్లో రెండు, రెండు రకాతులు, అయ్యాయి. సజ్దా నుంచి జేజి లేచి నిలబడుతుంటే నగీనా కూడా లేవబోయింది.

టప్!

నగీనా ఒళ్ళంతా జలదరించింది. తన చేతులు తన మోకాళ్ళ మీదే ఉన్నాయి. తను కొట్టలేదు!

అందరికీ ఒక్క భయమే. నగీనాకు రెండు. మొదటి చప్పట ఎవరిదో తెలిసిన మనిషి ఆ గదిలో తనొక్కతే. మరి ఈ రెండోది ఎవరిది? తను ఆటకు పిలిస్తే నిజంగానే ఏదో వచ్చిందా? మెడ మీద ఎవరో ఊదినట్టయింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

ఎలాగో నమాజ్ ముగిసి వెలుగు వచ్చాక, ఎవరు కొట్టారని జేజి అడిగింది. ఈసారీ ఎవరూ పలకలేదు. వరుస రెండో చివర చాందిని తల వంచుకుని దుపట్టా కొస నలుపుతోంది. చాందిని కొత్తగా పెళ్ళయి మోవా వచ్చింది. నమాజ్ చక్కగా చదవడం వచ్చు కాని, నోట్లో నాలుక లేని మనిషి.

"ఈ గదికి తాళం వేసెయ్ అమ్మీ. నేనైతే మళ్ళీ రాను," అంది కరీమా ఖాలా. ఆ రోజు చాయ్ ఎవరూ తాగలేదు. ఎవరి కష్టం ఎవరూ చెప్పుకోలేదు. తెచ్చుకున్న కష్టాలను అలాగే మోసుకుని మెట్లు దిగిపోయారు.

ఆ తర్వాత జేజి తీరే మారిపోయింది. ఇంట్లో ఒంటరిగా నమాజ్ చేస్తూ కూడా మధ్యలో ఆగిపోయేది. "చదివినానా? చదవలేదా?" అని వేళ్ళు చూసుకునేది. అన్నం తింటూ కూడా ఆలోచనే.

గురువారం సాయంత్రం నాయనతో అంది. "సుభానీ, పైగదిలో చాపలు తీసేసి బస్తాలు నింపుకో నాయనా. నేనింక నమాజ్ చేయించను."

"అదేందమ్మా? జిన్నుకు భయపడినావా?"

"జిన్నుకు కాదురా, నా తలకాయకు భయం. మొదటిసారి సరిగ్గా చదివినాననే అనుకున్నా. అయినా చప్పట వినబడె. అంటే నేను తప్పుతాన్నా, అది నాకే తెలీడం లేదు. దోవ తెలీనిది పది మందిని ఎట్ల నడిపిస్తాదిరా?" జేజి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నగీనా, పోయి చాపలన్నీ కిందికి తే పాపా."

నగీనా జేజి కొంగు వంకే చూసింది. జేజి ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

మెట్లెక్కింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఎప్పుడూ వేసే ఉంటుంది కదా? లోపల సంజ చీకటి. విల్లు "వూఁ..." అంటోంది. గాలి కూడా లేదే! నగీనా పారిపోదామనుకుంది. కాని కింద జేజి ఏడుస్తోంది.

గట్టిగా కళ్ళు మూసుకుని ఆ చీకటితోనే మాట్లాడింది. "నువ్వు ఎవరైనా సరే... మా జేజిని వదిలెయ్. ఆమె ఏమీ తప్పలేదు. మొదటిసారి కొట్టింది నేనే. ఊరికే కొట్టినా. పట్టుకుంటే నన్ను పట్టుకో!"

బస్తాల వెనక దూది కదిలింది. తెల్లగా ఏదో లేచి నిలబడింది.

నగీనా రెండడుగులు వెనక్కి వేసింది.

"రెండోది నేను కొట్టాను," అంది ఆ తెల్లనిది, సన్నగా, హిందీలో.

చాందిని! తెల్ల దుపట్టా, చేతిలో తన నమాజ్ చాప. దాని కోసమే వచ్చి, మెట్ల మీద అడుగుల చప్పుడు విని, జిన్నేమోనని బస్తాల చాటున దాక్కుంది. ఎదురుగా ఉన్న నగీనా కంటే ఆమే ఎక్కువ వణుకుతోంది.

"దాదీ కూర్చోవాల్సిన చోట లేచేసింది. అందుకే కొట్టాను. ఆమె చెప్పినట్టే," అంది చాందిని. "కానీ అందరూ జిన్ను జిన్ను అంటుంటే... నేనని చెబితే మొదటిది కూడా నేనే కొట్టానంటారు కదా. కొత్తదాన్ని, నా మాట ఎవరు నమ్ముతారు?"

నగీనాకు ఏడుపు తన్నుకొచ్చింది. తన ఒక్క అబద్ధం ఎంతమంది నోళ్ళు కట్టేసిందో అప్పుడు తెలిసింది. చాందిని చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చింది. జేజి ముందు నిలబెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది. వెనకనుంచి వచ్చిందన్న అబద్ధం కూడా దాచలేదు.

జేజి నగీనా దిక్కు తిరిగింది.

"మొదటిసారి నేను సరిగ్గానే చదివినానా?"

"సరిగ్గానే చదివినావు జేజీ."

"రెండోసారి నిజంగా తప్పినానా?"

చాందిని తలూపింది.

జేజి ఊపిరి వదిలింది. "తప్పితే తప్పినాలే, మనిషిని కదా! అది చెప్పేదానికే కదా చప్పట నేర్పించింది." తర్వాత నగీనా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నా చేతికర్ర ఇరగ్గొట్టినావు కదే పాపా." కోప్పడినా బాగుండేది. ఆ మెత్తని మాటకే నగీనా వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు బడి నుంచి రాగానే బ్యాగు పడేసి, ఒక్కొక్క ఇంటికీ వెళ్ళింది. "జిన్ను లేదు. నేనే కొట్టినా. అబద్ధం కూడా నేనే చెప్పినా. సాయంత్రం రండి" అని ప్రతి గుమ్మంలో చెప్పింది. కరీమా ఖాలా వీధంతా వినబడేలా తిట్టింది. నగీనా అన్నీ పడింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే గది ఊడ్చి, నేల మీద చాపలు పరిచింది.

అందరూ వచ్చారు. కరీమా ఖాలా కూడా వచ్చింది, మూలలన్నీ ఒకసారి వెతికాక.

నమాజ్ మొదలైంది. కరెంటు పోకుండా ఉంటుందా? పోయింది. చీకట్లో పక్కనున్న ఖాలా ఒళ్ళు బిగుసుకోవడం నగీనాకు తెలిసింది. జేజి గొంతు మెల్లగా సాగింది. మొదటి రకాతు అయింది. రెండోదీ అయింది. ఇప్పుడు కూర్చోవాలి.

జేజి మోకాళ్ళు చిటుక్కుమన్నాయి. లేవబోతోంది!

నగీనా చేతులు రాయిలా అయిపోయాయి. ఇప్పుడు కొడితే మళ్ళీ అల్లరే అనుకుంటారు. మళ్ళీ అందరూ దిగిపోతారేమో. ఇంకెవరైనా కొడితే బాగుండు. ఎవరూ కొట్టడం లేదు. జేజి లేచేస్తోంది.

టప్!

జేజి ఆగింది. మెల్లగా కూర్చుంది. ఆమెతోపాటే వరుసంతా కూర్చుంది.

నమాజ్ ముగిసింది. అటు సలాం, ఇటు సలాం. చీకటి ఇంకా అలాగే ఉంది. గోడ మీద విల్లు "వూఁ..." అంది. కరీమా ఖాలా అడిగింది. "ఎవ... ఎవరు కొట్టారు?"

ఆమె మాట పూర్తి కాకముందే చీకట్లో ఒక చిన్న చెయ్యి పైకి లేచింది. చీకట్లో చెయ్యి కనబడదని గుర్తొచ్చి, నగీనా లేచి నిలబడి గట్టిగా చెప్పింది.

"నేనే!"